పక్కవాద్యం గారి డోలు

మా మండలిలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చదువుతూ పోతే మీకు అనుమానం రావచ్చు. మేమందరం నియమావళిని ప్రాణంగా చూసుకునే మనుషులం. మాలో కొందరు సంగీతాన్ని కూడా ప్రేమిస్తారు, కాకపోతే అది ఆఫీసు వేళలు అయిపోయాక.

ప్రాంతీయ వాద్య వికాస మండలి అంటే కాలవ గట్టు మీద, పాత రైసుమిల్లు పక్కనున్న రెండంతస్తుల మేడ. కింద సంగీత పాఠశాల, పైన మా ఆఫీసు. నేను ఇక్కడ సూపరింటెండెంటును. వేదిక మీద చాప ఎక్కడ పరవాలి, మైకు ఎంత ఎత్తున ఉండాలి, ఎవరికి ఎంత వెడల్పు శాలువా కప్పాలి అనే విషయాల్లో నా మాటకు తిరుగులేదు. ఇంట్లో లేని అధికారం ఇక్కడైనా ఉండాలి కదా.

కిందటి వేసవిలో రాజధాని నుంచి ఒక ఉత్తర్వు దిగింది. అక్కడి పెద్దమనిషి ఒకాయన ఏదో విదేశపు ఉత్సవానికి వెళ్ళి, ఒక మనిషి ఒంటరిగా కూర్చుని ముందేమీ అనుకోకుండా తోచింది తోచినట్టు వాయించడం చూసి పరవశించిపోయాడట. కాబట్టి ప్రతి మండలీ ఈ ఏడు ఒక 'ప్రయోగాత్మక ఏకవ్యక్తి ఆశువాద్య కచేరీ' జరిపి తీరాలి. అందులో మన సంప్రదాయ చర్మవాద్యం ఒకటి, సాక్సఫోన్ ఒకటి ఉండాలి. సాక్సఫోన్ ఎందుకూ అంటే ఆ విదేశపు మనిషి చేతిలో ఉన్నది అదే. కచేరీ మెప్పు పొందితే పాఠశాలలో కొత్త వాద్య తరగతి పెట్టి, దానికొక ఆచార్యుణ్ణి వేసుకోవచ్చునని కూడా రాశారు.

మా సంచాలకులు గోపీనాథం గారు ఆ ఉత్తర్వును కళ్ళకద్దుకున్నారు. ఆయన ఇంతకు ముందు పశుసంవర్ధక శాఖలో పనిచేశారు. ఏ శాఖలోనైనా ఆయన భాష ఒక్కటే.

"నవ్యతను మనం సాదరంగా ఆహ్వానించాలి. అయితే ఆ నవ్యత పూర్వ సంప్రదాయాలకు లోబడి, ఎవరికీ కొత్తగా అనిపించని రీతిలో వికసించాలి" అన్నారు.

మండలి సలహాదారు నిష్ఠల సోమయాజులు గారు తల ఊపారు. సోమయాజులు గారు సంగీతంలో మహా పండితుడు. కచేరీ మొదలవగానే కళ్ళు మూసుకుంటారు, ఎక్కడైనా తప్పు దొర్లితేనే తెరుస్తారు. అందుకని మా ఊళ్ళో ఆయన కళ్ళు తెరిచి ఉండగా వాయించడమంటే ఎవరికైనా హడలే.

కళాకారుడు కావాలని ప్రకటన ఇచ్చిన వారానికి కోటిలింగం మెట్లెక్కి వచ్చాడు. మెళ్ళో సాక్సఫోన్ వేలాడుతోంది. వెనకాల అతని భార్య సత్యవేణి డోలును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని వచ్చింది.

"వాద్యమేది?" అన్నారు సోమయాజులు గారు.

"రెండూనండి."

"ఏ రాగం వాయిస్తావు?"

"ఇప్పుడే ఎలాగ చెప్తామండి? అది వచ్చాకా తెలుత్తాది."

సోమయాజులు గారు కళ్ళు మూసుకోవడం మానేశారు.

కోటిలింగం వాళ్ళ నాన్న డోలు విద్వాంసుడు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో సన్నాయి పక్కన కూర్చుని బతుకంతా వాయించాడు. కొడుకూ డోలే నేర్చుకున్నాడు గానీ, పక్కన కూర్చోవడం మీద అతనికి కుర్రతనం నుంచీ గుర్రుగా ఉండేది. పక్కన కూర్చున్నవాడి పేరు శుభలేఖలో వెయ్యరు, పందిట్లో చెప్పరు, వడ్డనలో రెండో బంతి. అందుకని బ్యాండు మేళంలో చేరి సాక్సఫోన్ పట్టాడు. తర్వాత ఊళ్ళలోకి డీజే బళ్ళు వచ్చి బ్యాండు మేళాలన్నీ మూలపడ్డాయి. పనిలేని రోజుల్లో ఇతను కాలవ గట్టు మీద కూర్చుని రెండు వాద్యాలతోనూ ఒక్కడే ఏదేదో చేయడం మొదలుపెట్టాడు. అటు వెళ్ళేవాళ్ళు పాపం మతి చలించిందేమో అనుకునేవారు.

ఆ రోజు మా ఆఫీసులో చేసింది కూడా అదే. ఎడమ చేత్తో సాక్సఫోన్ మీద రెండు మూడు స్వరాలు పట్టి ఊదుతూ, కుడి చేత్తో డోలు మీద జవాబు చెప్పాడు. ఒకటి అడుగుతుంది, ఇంకొకటి ఎదురు చెబుతుంది. కాసేపటికి అత్తాకోడళ్ళు ఒకే పొయ్యి దగ్గర వంట చేస్తున్నట్టు ఉంది. చివర్న సాక్సఫోన్ మూతిని డోలు చర్మం దగ్గరికి తెచ్చి కింది స్వరం ఒకటి నిదానంగా ఊదాడు. డోలును ఎవరూ కొట్టలేదు. అయినా అది గుమ్మ్‌మని పలికింది. నా బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి.

నాకు చెప్పలేనంత బాగుంది. బాగుందని అనడానికి నా హోదా చాలదు కాబట్టి గోపీనాథం గారి ముఖం వంక చూశాను.

"ఎంపిక చేయడమైనది" అన్నారాయన. ఉత్తర్వు గడువు దగ్గర పడుతోంది, ప్రకటనకు వచ్చిన మనిషీ ఇతనొక్కడే.

కిందికి దిగుతూ సత్యవేణి నా బల్ల దగ్గర ఆగింది.

"సూపర్నెంటు గారండీ, ఇది ఖాయమేనా? మా తమ్ముడికి తణుకులో కేటరింగుంది. శ్రావణంలో పెళ్ళిళ్ళు మొదలవుతాయి, బావని వడ్డనకి పంపించమంటన్నాడు. ఈ మేస్టారుద్యోగం వస్తే సరే. రాకపోతే సాంబారు బకెట్టేనండి. ఒకసారి బకెట్టు పట్టుకుంటే ఈయన మళ్ళీ డోలు పట్టడు, నాకు తెలుసు."

"ఖాయమేనమ్మా" అన్నాను. నిజానికి మా మండలిలో ఖాయమైనది నియమావళి ఒక్కటే.

మర్నాడు సోమయాజులు గారు ఆ నియమావళిని పట్టుకుని వచ్చారు. అందులో ఒక నియమం ఉంది: ప్రధాన వాద్యం వాయించువారు పక్కవాద్యమును ముట్టరాదు, పక్కవాద్యము ప్రధాన కళాకారుని కుడిచేతి వైపు, వేరు చాపపై కూర్చొనవలెను. పూర్వం ఒక వేణువు విద్వాంసుడికీ మృదంగం ఆయనకూ నడి కచేరీలో మాటా మాటా వచ్చిందట. మృదంగం ఆయన లేచిపోతే, వేణువాయన కోపం కొద్దీ ఆ మృదంగాన్ని తనే నాలుగు బాదాడు. అప్పుడు పెట్టిన నియమం ఇది. ఇద్దరూ పోయారు, నియమం మాత్రం ఆరోగ్యంగా ఉంది.

"డోలు పక్కవాద్యమా కాదా?" అని అడిగారు సోమయాజులు గారు.

"పక్కవాద్యమే" అన్నారు గోపీనాథం గారు.

"అయితే ఈ కచేరీకి ఇద్దరు కావాలి."

"ఉత్తర్వులో ఏకవ్యక్తి అని ఉందండి" అని నేను గుర్తు చేశాను.

గోపీనాథం గారు నా అజ్ఞానానికి జాలిపడ్డారు. "ఏకవ్యక్తి అంటే ప్రధాన కళాకారుడు ఒక్కడు. పక్కవాద్యాన్ని లెక్కలోకి ఎవరు తీసుకుంటారయ్యా? ఎప్పుడు తీసుకున్నారు గనక?"

ఇది నిజమే. మా ఊళ్ళో సోలో కచేరీ అంటే వేదిక మీద నలుగురు ఉంటారు.

కోటిలింగాన్ని పిలిపించి విషయం చెప్పాం. తాను ఇకమీదట ఇద్దరని తెలిసి అతను కొంచెం తికమకపడ్డాడు.

"నేనొక్కణ్ణే కదండీ" అన్నాడు.

"భౌతికంగా ఒక్కరే. వేదికాపరంగా ఇద్దరు" అన్నారు గోపీనాథం గారు. "సాక్సఫోన్ వాయించేటప్పుడు మీరు ప్రధాన కళాకారులు, ఎడమ చాప మీద ఉంటారు. డోలు వాయించేటప్పుడు మీరు మీ పక్కవాద్యం, కుడి చాప మీద ఉంటారు. ఇంతటి వెసులుబాటు ఇదివరలో ఎవరికీ ఇవ్వలేదు."

రిహార్సలు పెట్టాం. రెండు చాపలు నేనే పరిపించాను. కోటిలింగం ఎడమ చాప మీద కూర్చుని ఒక పలుకు ఊది, లేచి పరిగెత్తి, కుడి చాప మీద కూర్చుని దానికి డోలు మీద జవాబు చెప్పి, మళ్ళీ లేచి ఎడమ చాపకు పరిగెత్తాడు. కాసేపటికి ఊపిరి మొత్తం పరుగుకే సరిపోయి, సాక్సఫోన్‌లోకి ఆయాసం ఒక్కటే వెళ్ళింది. అది కూడా ప్రయోగాత్మకంగానే ఉందని గోపీనాథం గారు మెచ్చుకున్నారు.

సోమయాజులు గారికి మాత్రం తృప్తి కలగలేదు. "పక్కవాద్యం వాయించేవాడు ప్రధాన కళాకారుడి ముఖం చూస్తూ వాయించాలి. ఈయన గోడ చూస్తున్నాడు" అన్నారు.

"అటేపు ఎవరూ లేరు కదండీ" అన్నాడు కోటిలింగం రొప్పుతూ.

"పక్కవాద్యం తని వాయించేటప్పుడు ప్రధాన కళాకారుడు చేత్తో తాళం వెయ్యాలి. అదీ లేదు."

సంగీతం తెలియని వాళ్ళకోసం చెబుతున్నాను. తని అంటే కచేరీలో కాసేపు మృదంగానికో డోలుకో ఒంటరిగా వదిలేసే భాగం. అప్పుడు పాడేవాళ్ళు మంచినీళ్ళు తాగి, మర్యాదకు తాళం వేస్తూ ఉంటారు. కోటిలింగం ఎడమ చాప మీద కూర్చుని బుద్ధిగా తాళం వేశాడు. కుడి చాప మీద ఎవరూ లేకపోవడంతో ఆ తని చాలా ప్రశాంతంగా జరిగింది. సోమయాజులు గారు చాలా రోజుల తర్వాత కళ్ళు మూసుకున్నారు.

ఇక్కడితో ఆగితే బాగుండేదేమో. కానీ నా ఉద్యోగ ధర్మం కొద్దీ నియమావళిని నేను కూడా తిరగేశాను. ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరికి ఒకే కచేరీలో అవకాశం ఇవ్వరాదని అందులో స్పష్టంగా ఉంది. బంధుప్రీతిని అరికట్టడానికి పెట్టిన నియమం. ఈ సంగతి కనిపెట్టిన ఘనత పూర్తిగా నాది.

"ప్రధాన కళాకారుడూ పక్కవాద్యమూ ఒకే ఇంటివాళ్ళని మా దృష్టికి వచ్చింది" అని గోపీనాథం గారు గంభీరంగా అన్నారు.

"ఒకే ఇల్లేంటండి, ఒకే చొక్కా" అంది సత్యవేణి.

"అదే మేమూ అంటున్నాం. కాబట్టి పక్కవాద్యంగా కోటిలింగం గారి పేరు తొలగించడమైనది. బయటి వ్యక్తిని ఎవరినైనా తెచ్చుకోవచ్చు."

కోటిలింగానికి అప్పుడు కోపం వచ్చింది. కోపం వస్తే అతని గొంతు పెద్ద డోలే.

"బయటోణ్ణి తెచ్చుకుని ఆయనకేం చెప్పనండీ? ఏం వాయిత్తానో నాకే తెలవదు కదా! పుట్టిందగ్గర్నించీ పక్కనే కూచున్నామండి, మా నాన్నా నేనూ. మా డోలు ఒక్కసారన్నా నడిమధ్యలో కూచోవాలని నా ఆశ. మీరేమో మళ్ళీ దాన్ని పక్కకే నెడతన్నారు, పైగా నన్ను ముట్టుకోవద్దంటన్నారు. నా డోలు నేను ముట్టుకోకూడదా?"

"మీ డోలు కాదు. పక్కవాద్యం గారి డోలు" అని సోమయాజులు గారు సరిదిద్దారు.

"ఆ పక్కవాద్యం గారు ఎవరండీ?"

"ఎవరైనా కావచ్చు. మీరు మాత్రం కారు."

కోటిలింగం సాక్సఫోన్ మెళ్ళోంచి తీసి చంకన పెట్టుకుని, సాంబారే నయమంటూ మెట్లు దిగిపోయాడు. నాకు చివుక్కుమంది. ఉత్తర్వు వచ్చింది, కళాకారుడు దొరికాడు, హాలు ఖాళీగా ఉంది. మేమంతా ఇంత శ్రద్ధగా పనిచెయ్యడం వల్ల కచేరీ ఒక్కటీ లేకుండా పోయేలా ఉంది.

సత్యవేణి వెళ్ళలేదు. నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సూపర్నెంటు గారండీ, ఒక్కమాట. పక్కవాద్యం ఆయన రాలేదనుకోండి. అప్పుడేంటి రూలు?"

"ఆయన చాప పరిచి ఉంచాలి. ఆయన వాద్యం ఆ చాప మీద ఉండాలి. ఆయన వచ్చేదాకా ఇంకెవరూ దాన్ని ముట్టకూడదు."

"ముట్టకూడదు. అంతేనా? ఇంకేమన్నా ఉందా?"

నియమావళి మొదటి నుంచి చివరిదాకా చూశాను. "అంతేనమ్మా."

"అయితే ఆ పక్కవాద్యం గారు, ఆరొస్తున్నారని రాసుకోండి" అని ఆమె మొగుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళింది. కాలవ గట్టు మీద ఆమె అతనికేం చెప్పిందో నాకు తెలియదు. మర్నాడు అతను గడ్డం గీసుకుని వచ్చి, షరతులన్నిటికీ ఒప్పుకుంటున్నానన్నాడు.

కచేరీ రోజున హాలు నిండింది. ఇద్దరుగా ఉన్న ఒక్క మనిషి వాయిస్తాడట అని ఊళ్ళో పుకారు పుట్టడంతో, సంగీతం రుచించని వాళ్ళు కూడా వచ్చారు. రాజధాని నుంచి ఆ పెద్దమనిషే స్వయంగా ముఖ్య అతిథిగా విచ్చేశారు. మేమిచ్చిన పూలగుత్తి ఎంత పెద్దదంటే, ఒళ్ళో పెట్టుకుంటే ఆయనకు వేదిక మీద ఎడమ చాప ఉన్న సగమే కనిపిస్తోంది.

వేదిక ఏర్పాటు నాదే. ఎడమ చాప మీద కోటిలింగం, సాక్సఫోన్. కుడి చాప మీద పక్కవాద్యం గారి డోలు, మైకు, మంచినీళ్ళ సీసా. మా అటెండరు డోలును పడుకోబెడితే అది దొర్లిపోతోందని ఒక మూతి పైకి వచ్చేలా నిలబెట్టాడు. డోలు పుల్ల ఎక్కడ పెట్టాలో తెలియక ఆ చర్మం మీదే పెట్టాడు. నేను ఆమోదించాను.

"పక్కవాద్య సహకారం... వస్తున్నారు" అని మైకులో చెప్పాను.

కోటిలింగం మొదలుపెట్టాడు. ఒక చిన్న పలుకు ఊది, కుడివైపు తిరిగి జవాబు కోసం ఎదురుచూశాడు. జవాబు లేదు. ఇంకొక పలుకు ఊదాడు, మళ్ళీ ఎదురుచూశాడు. సోమయాజులు గారు ఆ నిశ్శబ్దానికి తాళం సరిపోయిందో లేదో వేళ్ళ మీద చూసుకుంటున్నారు. వెనక బెంచీల్లోంచి ఎవరో సినిమా పాట వాయించమని కేకేశారు. ఇంకెవరో ఈల వేశారు. మొదటి వరసలో సత్యవేణి చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

మూడోసారి జవాబు రాకపోయేసరికి కోటిలింగం లేచాడు. మెల్లగా నడిచి డోలు దగ్గరికి వెళ్ళాడు. సోమయాజులు గారు కుర్చీలోంచి సగం లేచారు.

కోటిలింగం డోలును ముట్టుకోలేదు. దాని ముందు వంగి, సాక్సఫోన్ మూతిని చర్మానికి జానెడు దూరంలో ఆపి, ఆ కింది స్వరాన్ని ఊదాడు. డోలు గుమ్మంది. సాక్సఫోన్ కాస్త దగ్గరికి తెచ్చాడు. డోలు లోపలి నుంచి మూలిగింది. స్వరం మార్చాడు, మూలుగు మారింది. చర్మం మీదున్న పుల్ల మొదట వణికింది, తర్వాత చిన్నగా ఎగిరింది, ఆ తర్వాత తనంతట తానే టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అతను ఊపిరి బిగిస్తే పుల్ల పరుగెత్తుతుంది, వదిలేస్తే నడుస్తుంది. ఒక్కోసారి ఊదడం ఆపేసి వినేవాడు. అప్పుడు డోలు ఆఖరి మాట ఒకటి అని ఊరుకునేది.

హాల్లో ఈలలు ఆగిపోయాయి. నేను ఎన్నో కచేరీలకు చాపలు పరిపించాను గానీ, కూర్చుని విన్నది అదే మొదటిసారి. సత్యవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

సోమయాజులు గారు వేదిక అంచుదాకా వెళ్ళి, సాక్సఫోన్‌కూ డోలుకూ మధ్య ఎంత దూరముందో జానతో కొలిచి వచ్చారు. "అంటుకోలేదు" అని సంచాలకుల చెవిలో చెప్పి, కూర్చుని కళ్ళు మూసుకున్నారు. కచేరీ అయిపోయేదాకా తెరవలేదు. మా ఊళ్ళో ఇంతకంటే పెద్ద బిరుదు లేదు.

చప్పట్లు ఆగాక ముఖ్య అతిథి గారు పూలగుత్తి మీదుగా తల పైకెత్తి మైకు అందుకున్నారు.

"సాక్సఫోన్ బాగుంది. కానీ ఆ డోలు ఆయన ఎవరండీ? ఎక్కడా పైకి కనిపించకుండా, ప్రధాన వాద్యాన్ని మించకుండా, ఎంత ఒద్దికగా సహకరించారు! నేను విదేశాల్లో చూసింది సరిగ్గా ఇదే. ఆచార్య పదవికి ఇలాంటి వారే తగినవారు."

మేము చప్పట్లు కొట్టాం. పెద్ద శాలువా కోటిలింగానికి, చిన్న శాలువా డోలుకు కప్పాం.

మర్నాడు సమావేశంలో నిర్ణయం తేలిగ్గానే జరిగిపోయింది. ప్రధాన కళాకారుడు నడి కచేరీలో ఆసనం విడిచి లేచినందున ఆయన అనర్హుడు. పక్కవాద్యం గారు మొదటి నుంచి చివరిదాకా చాప దిగలేదు, ఒక్క తాళం తప్పలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. పైగా రాజధాని పెద్దల నోటి మాట. ఉద్యోగం పక్కవాద్యం గారికి ఇవ్వడమైనది.

ఈ కబురు చెప్పడానికి భార్యాభర్తలిద్దర్నీ పిలిపించారు. కోటిలింగం ముఖం మొదట వెలిగిపోయింది.

"ఆ వాయించింది కూడా నేనేనండి! ఆ ఉద్యోగం నాదే కదా!"

"మీరు పక్కవాద్యాన్ని ముట్టుకోలేదని నిన్న సోమయాజులు గారు స్వయంగా కొలిచి ధ్రువీకరించారు" అన్నారు గోపీనాథం గారు. "ముట్టుకుని ఉంటే కచేరీ చెల్లేది కాదు. ముట్టుకోలేదు కాబట్టి వాయించింది మీరు కాదు. ఆ వాయించినవారిని దయచేసి పంపండి. గడువులోగా రాకపోతే పదవి రద్దవుతుంది."

కోటిలింగానికి కోపం కూడా రాలేదు, అది చూసే నాకు భయం వేసింది. గుమ్మం దగ్గరున్న చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ భార్యతో, "మీ తమ్ముడికి ఫోను చెయ్యి. రేపట్నించి వస్తానని చెప్పు" అన్నాడు.

సత్యవేణి ఫోను చెయ్యలేదు. గబగబా కిందికి దిగి, రిక్షాలో ఉన్న డోలును తెచ్చి, గోపీనాథం గారి ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టింది. చిన్న శాలువా ఇంకా దాని మీదే ఉంది.

"ఇదిగోండి. ఆరొచ్చారు" అంది.

గోపీనాథం గారు డోలును చూశారు, డోలు గోపీనాథం గారిని చూసింది.

"ఇది... వాద్యం కదమ్మా."

"నిన్న చాప మీద కూచుంది ఎవరండి? ఈరే. చిన్న శాలువా ఎవరికి కప్పారండి? ఈరికే. పెద్దాయన మెచ్చుకుంది ఎవర్నండి? వేరే ఆయన ఎవరన్నా ఉంటే మీరే చూపించండి, నేను కూడా దణ్ణం పెట్టుకుంటాను."

గోపీనాథం గారు సోమయాజులు గారి వైపు చూశారు. సోమయాజులు గారు నా వైపు చూశారు. నేను నియమావళి తెరిచాను.

"ఆచార్యుడు నాదశుద్ధి గలవాడై, నిలకడ గలవాడై, ప్రధాన వాద్యమునకు అణకువ గలవాడై ఉండవలెను" అని చదివాను. "మనిషై ఉండవలెనని ఎక్కడా లేదండి."

"బంధుప్రీతి సంగతి?" అన్నారు సోమయాజులు గారు.

"రేషను కార్డులో ఈరి పేరు లేదండి" అంది సత్యవేణి.

ఆ మాటతో అడ్డంకులన్నీ తొలగిపోయాయి. గోపీనాథం గారు లేచి నిలబడి, పశుసంవర్ధక శాఖలో ఎన్నడూ దొరకని అవకాశం దొరికినందుకు గొంతు సవరించుకుని, డోలుకు అభినందనలు తెలిపారు. నియామకానికి ముందు తల్లిదండ్రుల పేర్లు కావాలన్నారు. కోటిలింగం చెప్పులు విడిచి వెనక్కి వచ్చి, తల్లి పనస చెట్టు, తండ్రి మేక అని చెప్పాడు. అలాగే నమోదు చేశాం. వేలిముద్రల యంత్రం దగ్గర మాత్రం కొంత ఇబ్బంది వచ్చింది గానీ, చేతులు లేని ఉద్యోగులకు మినహాయింపు ముందు నుంచే ఉంది.

ఆచార్యులవారు తమంతట తాము నడిచి రాలేరు కాబట్టి వారిని మోసుకురావడానికి, మోసుకుపోవడానికి ఒక వాహకుడి పోస్టు మంజూరైంది. అందులో కోటిలింగాన్ని వేశాం. విధి నిర్వహణలో భాగంగా అతను డోలును ముట్టుకోవచ్చునని ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చాం. శ్రావణం వచ్చింది, వెళ్ళింది. తణుకులో సాంబారు బకెట్టు వేరేవాళ్ళు పట్టుకున్నారు.

తరగతి కింది అంతస్తులో మూల గదిలో జరుగుతుంది. నడిమధ్యన పెద్ద చాప మీద డోలు కూర్చుంటుంది. వెనక గోడకు 'డోలు గారు, ఆచార్యులు' అని బోర్డు. చుట్టూ విద్యార్థులు, వాళ్ళలో ఇద్దరు టీచరమ్మలు, ఒక రిటైరైన పోస్టుమాస్టరు. కుడివైపు చిన్న చాప మీద కోటిలింగం సాక్సఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. తనిఖీకి వచ్చినప్పుడు సోమయాజులు గారు అతన్ని హెచ్చరించారు.

"గుర్తుంచుకో. ప్రధాన వాద్యాన్ని మించకూడదు."

"మించనండి. ఆరు ఊఁ అంటేనే ఊదుతాను."

ఒకరోజు నేను ఉండబట్టలేక అడిగాను. "ఇంతా చేసి మళ్ళీ పక్కకే వచ్చావు కదా కోటిలింగం. బాధగా లేదూ?"

అతను బోర్డు వంక, చాప వంక చూసి నవ్వాడు. "నేనెక్కడ కూచుంటే ఏంటండి? మా నాన్న డోలండి అది. నడిమధ్యలో కూచుంది."

సాయంత్రం ఆఫీసు మూసే వేళకు కింద తరగతి అయిపోతుంది. విద్యార్థులు వెళ్ళిపోయాక అతను కాసేపు ఉండి ఊదుకుంటాడు. డోలు పలుకుతుంది, నేల గుమ్మంటుంది, పైన నా బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. నేను అప్పుడు లేవను, గదులకు తాళాలు వెయ్యను, దాహం వేసినా ఆ గ్లాసును ముట్టుకోను. అది కూడా పక్కవాద్యమో కాదో ఇంకా ఎవరూ తేల్చలేదు.